పద్నాలుగు అంగుళాల టైరు

ఆ బుధవారం ఇంట్లో నాన్న, అమ్మ, కాలు బెణికి మంచంలో ఉన్న నాయనమ్మ, బడికి సెలవులు కావడంతో నేను ఉన్నాం. వాకిట్లో వ్యాను జాకీ మీద ఉంది. అది నాకంటే ఆరేళ్ళు పెద్దది. నాయనమ్మ దాన్ని నాకు అన్న అంటుంది.

ముందు ఎడమ టైరు చీలిపోయింది. స్టెప్నీ ఎప్పుడో బోడిగుండయింది. మర్నాడు పదింటికి వ్యానుకి ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే ఆసుపత్రి దుప్పట్లు మోసే పని వేరేవాళ్ళకి పోతుంది. మా ఇల్లు గడిచేది ఆ దుప్పట్ల మీదే.

టైరు మీది అంకెలు నా అరచేతిలో రాసుకుని నాన్నతో టైర్ల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నా చెయ్యి చూసి పెదవి విరిచాడు.

"పద్నాలుగా? ఇప్పుడొచ్చే బళ్ళన్నీ పదిహేను, పదహారు. పదిహేనులో ఏది కావాలన్నా గోడ నిండా ఉన్నాయి. పద్నాలుగులో కార్లవి దొరుకుతాయి గానీ బరువు మోసేవి రావట్లేదు. ఎక్కడన్నా దొరికినా రెట్టింపు ధర."

"చిన్నదానికి ఎక్కువా?"

"కొనేవాళ్ళు లేరు కదా బాబాయ్. అందరి చెప్పులూ చవకే. ఆరు వేళ్ళ వాడైతే కుట్టించుకోవాల్సిందే. పోనీ రిమ్ములు నాలుగూ మార్చేయ్."

"అంత ఉంటే వ్యానే మార్చేవాణ్ణి."

కొట్టాయన పాత బిల్లు పుస్తకం తిరగేశాడు. "ఈ సైజు నా దగ్గర ఒక్కావిడే తెప్పించుకుంటుంది, ఏటా రెండు. మొగుడు పోయి పదకొండేళ్ళు. బండి ఎవరు నడుపుతారో నేనడగలేదు. బేరం చెడగొట్టుకోవడం ఎందుకని."

కొట్టాయన చెప్పిన గుర్తులతో వెళ్ళాం. ఆ పెద్దావిడ షెడ్డులో అచ్చం మా వ్యానులాంటిదే ఉంది. చక్రాల్లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. తలుపుల సందుల్లో సాలెగూళ్ళు. గోడ పక్కన కప్పు దాకా పాత టైర్లు, అన్నీ నున్నగా అరిగిపోయి.

"కదలని బండికి ఇన్ని టైర్లు ఎవరరగదీశారమ్మా?" అన్నాడు నాన్న నవ్వుతూ.

"మా ఆయనే బాబూ. ముందు ఎడమది తొందరగా పోతుంది. అటే ఒరుగుతాడు, చెప్తే వినడు."

కొత్తది ఒకటి దొర్లించుకొచ్చింది. దాని మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. నాన్న డబ్బు తీస్తే వద్దంది. "ఆయన అడిగితే ఎక్కడుందో చెప్పాలి కదా. మీ ఇల్లెక్కడ?"

చెప్పొద్దని నాన్న చొక్కా పట్టి లాగాను. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. నాన్న సందుతో సహా చెప్పేశాడు.

సాయంత్రం టైరు బిగించాడు. ఆ వెంట్రుకలు నా వేళ్ళకి గిలిగింతలు పెట్టాయి.

పొద్దున్నే వెళ్ళి చూస్తే ఒక్క వెంట్రుకా లేదు. టైరు గాడుల నిండా నల్లటి తడి బురద. మిగతా మూడు టైర్ల మీదా పొడి దుమ్మే. గేటు గడియ వేసే ఉంది. వాకిట్లో చక్రాల జాడ లేదు.

నాన్న వచ్చి తువ్వాలుతో బురద తుడవడం మొదలుపెట్టాడు.

"చూశావా నాన్నా?"

"చూశాను."

"తీసుకెళ్ళి ఇచ్చేద్దాం."

"ఇచ్చేసి మూడు చక్రాలతో వెళ్ళనా? అరిగిందా లేదా అనే చూస్తారు తల్లీ. ఎవరరగదీశారని అడగరు."

తువ్వాలు పక్కన పడేసి బండి తాళాలు తెచ్చాడు. ఒంటరిగా పంపకూడదనుకుని, ఆయన స్టీరింగు ముందు కూర్చోగానే రెండో పక్క తలుపు తీసి ఎక్కబోయాను. ఎండ ఇంకా వాకిట్లోకి రాలేదు. సీటు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే పక్కకి జరిగినట్టు.

నాన్న నా వైపు చూడలేదు. నాకూ ఆయనకీ మధ్య ఖాళీగా ఉన్న చోటు వైపు ఒక్కసారి చూశాడు.

"దిగు తల్లీ. ఇవాళ చోటు లేదు," అని చెయ్యి చాచి తలుపు వేసేశాడు.