తారుమారైన తీర్పులు

శుక్రవారం నాలుగు కొత్త సినిమాలు చూసి, కథ మాత్రం బయటపెట్టకుండా, శనివారం పేపర్లో నాలుగింటినీ చీల్చి చెండాడటం విమర్శకుడికి ఇరవయ్యేళ్ల అలవాటు. ఈసారి డెస్కులో గాడిదకీ గుర్రానికీ తేడా తెలియని ప్రబుద్ధుడెవడో దయ్యం సినిమా సమీక్షనీ, హాస్య సినిమా సమీక్షనీ ఒకదాని శీర్షిక కింద ఇంకోటి పెట్టేశాడు. పొద్దున పేపరు చూడగానే విమర్శకుడి ఒళ్లు మండిపోయింది. పాఠకులు దుమ్మెత్తిపోస్తారని ఫోను పక్కనే కూర్చున్నాడు. సాయంత్రమైనా ఒక్కరూ చేయలేదు. చివరికి, తన రాతలు అక్షరం వదలకుండా చదివే భార్యనే అడిగాడు.

"ఇవాళ్టి సమీక్షల్లో నీకేం తేడా కనిపించలేదా?"

"ఏముంటుందండీ తేడా? మొదటి సగం పర్లేదు, రెండో సగం సాగదీశారు, అంతా పాడిందే పాట. ఏ సినిమాకైనా మీరు రాసేది అదేగా!"