మాట తప్పిన మధ్యాహ్నం

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పిల్లలు ఆమెను చుక్కల మేడం అంటారు. ద్రవం కొలిచి వదిలే బ్యూరెట్ గొట్టం కొళాయి తిప్పే ప్రతి ఒక్కరి వెనకా నిలబడి "తొందరేం లేదు, చుక్క చుక్కగా వదలండి" అంటుంది కాబట్టి. ఆ పేరు తనకు తెలియనట్టే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక, ఒక పిల్ల మాత్రం కడిగిన ఫ్లాస్కునే మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది. ఎప్పుడూ మొదటి బల్ల దగ్గర ఉండే పిల్ల, ఈమధ్య వెనక్కి మారింది. మేడం కొళాయి కట్టేసి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. ఏమైందమ్మా అని అడిగింది.

"ఎవరికీ చెప్పనంటే చెబుతాను."

"దేవుడి తోడు, చెప్పను."

ఏం వినబోతోందో తెలియకుండానే అనేసింది. ఇంట్లో పిల్లలతో అన్నట్టే నోటికొచ్చేసింది.

నిద్ర పట్టడం లేదట. అన్నం సయించడం లేదట. పుస్తకం తెరిస్తే అక్షరాలు కళ్ళ ముందే ఉంటాయి గానీ లోపలికి పోవట. అన్నయ్యకు చెబితే, చదువు ఎగ్గొట్టడానికి ఎత్తులని నవ్వాడట. దేవుడున్నాడు, ధైర్యంగా ఉండు అన్న మాట మేడం నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడున్నాడని ఆమెకు నమ్మకమే. కానీ ఆ మాటతో ఈ పిల్ల నోరు మూయించడానికి మనసొప్పలేదు. తిన్నగా అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

పిల్ల తల ఊపింది. ఈ రాత్రి హాస్టలు గదిలో తోడెవరూ ఉండరని కూడా చెప్పింది.

మేడం ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"నీకిచ్చిన మాట తప్పుతున్నాను తల్లీ. నీ వెనకాల కాదు, నీ ముందే. కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తున్నా. నీతో నేనూ వస్తా."

"మీరూ అంతేనా మేడం."

ఆ గొంతులో కోపం కూడా లేదు. వరండాలో మేడం చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని ముందు నడిచింది.

కౌన్సెలర్ పిలిపించిన పిల్ల అన్నయ్య వచ్చేదాకా మేడం కౌన్సెలర్ గది బయట బెంచీ మీదే కూర్చుంది. అతను వస్తూనే, గోరంతను కొండంత చేస్తున్నారన్నాడు. లోపలికి వెళ్ళొచ్చాక మాత్రం బండి తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడిపోయాడు. చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆ రాత్రి ఇంట్లో, ఇచ్చిన మాట తప్పానని చెబితే, "దేవుడి తోడన్నావు కదా, ఇప్పుడాయనకేం చెబుతావు?" అని భర్త నవ్వించబోయాడు. ఆమెకు నవ్వు రాలేదు. ప్రార్థనకు కూర్చుంటే క్షమించమనడానికి నోరు రాలేదు. అలా అడిగితే మళ్ళీ చేయనని చెప్పుకోవాలి. ఇలాంటిది ఎదురైతే మళ్ళీ ఇదే చేస్తుంది. నేను చేసింది తప్పేనా స్వామీ అని మాత్రం అడిగింది.

కొన్నాళ్ళకు పిల్ల తిరిగొచ్చింది. చివరి బల్ల దగ్గరే నిలబడుతుంది. సందేహమొస్తే అటెండర్‌ని అడుగుతుంది గానీ మేడం వైపు చూడదు. మేడం అందరి వెనకా నిలబడుతుంది, ఆ బల్ల దగ్గరికి మాత్రం పోదు. హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల నంబరు దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గుతుంది. చివరి బల్ల దగ్గర ఒక చెయ్యి లేస్తుంది. మాట ఉండదు, చెయ్యి మాత్రమే.

మేడం తర్వాతి నంబరు పిలుస్తుంది.