చిహారు ఏమంటోంది?

చక్రాల కుర్చీ టైర్లు స్టేడియం నేల మీద గీసే నల్లగీతలు తడిగుడ్డకు లొంగవు. తెల్ల స్పాంజి ముక్కను నీళ్ళలో ముంచి ఒక్కో గీతనీ విడివిడిగా రుద్దాలి. ఆదివారం పన్నెండింటికి మా పిల్లల ఆట అయిపోతుంది, ఒంటిగంటకి బాడ్మింటన్ వాళ్ళొస్తారు. ఆ మధ్య గంటలో మేం తల్లులం మోకాళ్ళ మీద పాకుతూ చెక్కనేలని అద్దంలా చేసి అప్పగించాలి. తండ్రులా? వచ్చిన ఇద్దరు ముగ్గురూ నెట్టు మడతపెట్టి, కర్రలు గదిలో పడేసి, బయట కాఫీ డబ్బాలమ్మే మిషను దగ్గర కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. బరువు పనులు వాళ్ళవట. నలభై కిలోల కూతుర్ని రోజుకి పద్నాలుగుసార్లు ఎత్తి దించే నాది మాత్రం తేలిక పని.

"ఒక్క గీత మిగిలినా వచ్చే నెల నుంచి కుర్చీలు లోపలికి రానివ్వద్దని పైవాళ్ళన్నారండీ, నా చేతిలో ఏం లేదు" అంటాడు స్టేడియం చూసుకునే హమసాకి, ప్రతి వారం, మా వీపుల మీదుగా. మేం ప్రతి వారం క్షమించమని అడుగుతాం. గీత ఉన్నా అడుగుతాం, లేకపోయినా అడుగుతాం.

ఆ ఆదివారం నా పక్కన రుద్దుతున్న తదోకొరో గారు చెమట తుడుచుకుంటూ, "చిహారు వాళ్ళమ్మా, నాకున్నది ఒకటే కోరిక. మావాడి కంటే ఒక్క రోజు ఎక్కువ బతికితే చాలు" అంది. మాలో ఈ మాట పలకరింపు లాంటిది. వానొచ్చేలా ఉందన్నట్టు అనుకుంటాం. ఒక్క రోజే కదా, ఎంత చిన్న కోరిక అనిపిస్తుంది. విప్పి చూస్తే మాత్రం నా బిడ్డ నాకంటే ముందు పోవాలని దానర్థం. గోడ వారన వరసగా కుర్చీల్లో కూర్చుని మా బిడ్డలు వింటూనే ఉంటారు. వాళ్ళకి వినపడదని ఎవరన్నారు? నేనూ తలూపాను. తలూపి లేవబోతే కుడి తుంటి కలుక్కుమంది. స్పాంజి కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ అలాగే కూర్చుండిపోయాను.

ఆ తుంటి సంగతి ఎవరికీ తెలియదు. ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. నాలుగు వారాలు ఆసుపత్రిలో ఉండాలి, ఆ తర్వాత మూడు నెలలు బరువెత్తకూడదు. "ఆలస్యం చేస్తే ఏదో ఒకరోజు మీ కాలు మిమ్మల్ని మొయ్యదు" అన్నాడు. ఆ కాగితం బియ్యం డబ్బా వెనక దాచాను. దాచిన పన్నెండో రోజున, సాయంత్రం నాలుగింటికి, చిహారుని తొట్టిలోంచి పైకి తీస్తుంటే కాలు నిజంగానే మొయ్యలేదు. ఇద్దరం మెల్లగా, సబ్బు నీళ్ళలో జారినట్టు కిందికి జారాం. దాని తల నా పొట్ట మీద పడింది కాబట్టి బతికిపోయాం. ఫోను వంటింట్లో ఉంది. నేను లేవలేను, అది లేవలేదు. చన్నీళ్ళ నేల మీద ఇద్దరం మూడు గంటలు పడున్నాం. తువ్వాలు ఒకటే అందింది, దాని మీద కప్పాను. దాని పెదాలు నీలంగా మారుతుంటే నోటితో వెచ్చటి గాలి ఊదుతూ ఉన్నాను. ఏడింటికి వచ్చిన మా ఆయన షోజి తలుపు తీసి చూసి, "ఫోన్ చెయ్యొచ్చు కదా!" అన్నాడు. పాపం, కంగారులో అన్నాడు. సబ్బుకి కాలు జారిందని చెప్పాను. తర్వాత మూడు రోజులు జాలిపడి తనే దాన్ని ఎత్తి దించాడు. నాలుగో రోజు నుంచి షిఫ్టు మారింది, మళ్ళీ నేనే.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట నేనే అందరితో అంటుంటాను. "నీలా దాన్ని ఎవరు చూడగలరు?" అంటాడు. పాతికేళ్ళు ఆ మాటకి మురిసిపోయాను. మెచ్చుకున్నాడనుకున్నాను గానీ తలుపు గొళ్ళెం పెడుతున్నాడని తెలుసుకోలేదు. అత్తగారు ఇంకా నయం, దాపరికం లేదు. పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండక్కి చుట్టాలొస్తుంటే, "చిహారుని లోపలి గదిలో పడుకోబెట్టమ్మా, మనుషుల మధ్య అలిసిపోతుంది" అంటుంది. అలిసిపోయేది ఎవరో నాకు తెలుసు. అయినా ప్రతి ఏడూ పడుకోబెట్టాను. ఆ గది తలుపు వెనక కూతురి పక్కన కూర్చుని, అవతల మరిది పిల్లలు నవ్వుతుంటే వింటూ, "నిద్రొస్తోందా?" అని అడిగేదాన్ని. దానికి నిద్రొచ్చేది కాదు.

ఒగాత టీచర్ ఈ ఆటలోకి మమ్మల్ని లాగి రెండేళ్ళయింది. ప్రత్యేక పాఠశాలలో పని చేసి రిటైరయిన మనిషి, గొంతు మాత్రం ఇంకా మైదానంలోనే ఉంది. పెద్ద బెలూన్, లోపల గజ్జెలు, చూపు లేనివాళ్ళకి వినపడ్డానికి. వాలీబాల్ లాగే నెట్టు. మా అసలు నియమం ఇది: జట్టులో ఆరుగురి చెయ్యీ తగిలాకే బెలూన్ అవతలికి వెళ్ళాలి. ఐదుగురు ఎంత బాగా ఆడినా ఆరోవాళ్ళ వేలు తగలకపోతే పాయింటు లేదు. కుర్చీ వెనక నిలబడే సహాయకులు కుర్చీని తిప్పొచ్చు గానీ ఆటగాళ్ళ ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. "బూరతో ఆటేంటి, అది ఇరవైనాలుగేళ్ళ మనిషి!" అని అత్తగారు నవ్వింది. బంతయితే చిహారు చెయ్యి లేచేలోపు వెళ్ళిపోతుంది. బెలూన్ ఆగుతుంది. దాని కోసం ఈ లోకంలో ఆగిన వస్తువు అదొక్కటే అని నాకప్పుడు అనిపించింది. ఆదివారం పొద్దున మా రేవులో పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్తుంటే, అది గాలికి మొహం పెట్టి మెడ నిలబెట్టుకుని కూర్చునేది.

నేనే దాని కుర్చీ వెనక నిలబడేదాన్ని. వేరే ఎవరు నిలబడతారు? దాని మాట నాకొక్కదానికే అర్థమవుతుంది. గొంతులో ముడిపడి, సగం గాలిగా, సగం మూలుగుగా వచ్చే దాని మాటని నేను విని అందరికీ చెప్తాను. డాక్టరైనా, బస్సు డ్రైవరైనా, అత్తగారైనా, దాని ముందు నిలబడి నా మొహంలోకి చూసి అడుగుతారు: "చిహారు ఏమంటోంది?"

మొజి నుంచి జట్టొచ్చిన రోజు మూడో సెట్ పద్నాలుగు పద్నాలుగు దగ్గర ఆగింది, ఇంకొక్క పాయింటు ఎవరిదైతే గెలుపు వాళ్ళదే. మావాళ్ళు ఐదుగురూ తాకేశారు. బెలూన్ గజ్జెలు మోగించుకుంటూ చిహారు వైపు దిగుతోంది. దాని కుడి చెయ్యి కదిలింది, వణికింది, సగం దాకా వచ్చి ఆగింది. హాలంతా "చిహారూ! చిహారూ!" అని అరుస్తోంది. దాని చెమట మెడ మీదుగా కారుతుంటే చూశాను. బెలూన్ ఇంకా దిగుతోంది. నా గుండెలో ఒక్కసారిగా అదే భయం, స్నానాల గది నేల మీది భయం. అందదు, దీనికి అందదు, నేను లేకపోతే దీనికి ఏదీ అందదు. నా చెయ్యి దాని మోచేతి కిందికి వెళ్ళింది. రెండంగుళాలు లేపాను, అంతే. వేళ్ళకి బెలూన్ తగిలి, తదోకొరో గారి కొడుకు తల మీద పడి, నెట్టు దాటింది.

గెలిచాం. అందరూ చప్పట్లు కొడుతున్నారు, ఒగాత టీచర్ ఎగురుతోంది. అప్పుడు చిహారు గొంతెత్తింది. ఒకటే మాట, రెండుసార్లు, మూడుసార్లు. రిఫరీ వంగి వినబోయి, అర్థంకాక, నా మొహం చూశాడు.

"ఏమంటోందమ్మా?"

నాకు తెలుస్తూనే ఉంది. "అమ్మ చెయ్యి" అంటోంది. "నాది కాదు, అమ్మ చెయ్యి."

"చాలా సంతోషంగా ఉందంటోంది" అన్నాను.

రిఫరీ నవ్వి చప్పట్లు కొట్టాడు. చిహారు నోరు మూసుకుంది. తల తిప్పడం దానికి ఎంత కష్టమో నాకు తెలుసు. తిప్పి, నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బావుండేది. దొంగని గుర్తుపట్టినట్టు చూసింది.

ఆ రాత్రి భోజనానికి నోరు తెరవలేదు. మర్నాడు పొద్దున కూడా. పొలమారకుండా చిక్కబరిచిన టీ చెంచాతో పెదాలకి ఆనిస్తే పళ్ళు బిగించింది. "ఒంట్లో బాలేదేమో" అని షోజి పనికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఎందుకో తెలుసు. దీనికి నీళ్ళు తగ్గితే చాలు, మూర్ఛలొస్తాయి. "తాగవే తల్లీ, అమ్మ మీద కోపం అమ్మని కొట్టి తీర్చుకో, నీ ఒంటి మీద తీర్చుకోకు" అని బతిమాలాను. చివరికి అటకమీది అక్షరాల పలక దింపి దుమ్ము దులిపాను. బడి వదిలాక దాన్ని వాడిందే లేదు. నాకు దాని మాట వచ్చుగా, ఇంక పలకెందుకు?

దాని వేలు ఒక్కో గడి మీదికి చేరడానికి నిమిషం పట్టింది. మొత్తం నాలుగక్షరాలు.

ఎన్నిసార్లు.

"ఏం ఎన్నిసార్లు?" అని అడగలేదు. అడిగితే మళ్ళీ అబద్ధమాడినట్టే. నా అంతట నేనే లెక్క మొదలుపెట్టాను, మనసులో, ఆగలేక. బోన్ పండక్కి అది "నేనూ బయటికొస్తా" అంటే, అత్తగారికి "నిద్రొస్తోందంటోంది" అని చెప్పినవి. కాళ్ళకి కొత్త బ్రేసులు బిగించినప్పుడు "కోసుకుపోతోంది" అంటే, డాక్టరు విసుక్కుంటాడని "కొంచెం నొప్పంటోంది" అని చెప్పినది. ఇంకొకటుంది. ఎనిమిదేళ్ళ కిందట, బడి అయిపోయిన ఏడు, కొకురాలో కంప్యూటర్ మీద పోస్టర్లు తయారుచేసే చోట దీన్ని తీసుకుంటామన్నారు. అక్కడే గదులున్నాయి, ఉండొచ్చు. వార్డు ఆఫీసు నుంచి వచ్చినావిడ దాని ముందు కూర్చుని, నా మొహం చూసి, ఏమంటోందని అడిగింది. చిహారు "వెళ్తా" అంది. స్పష్టంగా, దాని జీవితంలోకెల్లా స్పష్టంగా అంది. అంతకు నెల ముందే దానికి పొలమారి ఊపిరాగినంత పనయింది. రాత్రుళ్ళు నిద్రలేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. "ఇంట్లోనే బాగుందంటోంది" అన్నాను. నా భయాన్ని తెచ్చి దాని నోట్లో పెట్టాను. ఆవిడ రాసుకుని వెళ్ళిపోయింది. అందరూ నన్ను త్యాగమూర్తి అన్నారు.

నన్ను లోపలి గదిలో ఉంచారని ఏడ్చాను ఇన్నేళ్ళూ. దాన్ని ఉంచింది ఎవరు?

"లెక్క తెలీదే" అన్నాను. "చాలాసార్లు." ఏడుపు వచ్చింది గానీ, దాని ముందు ఏడిస్తే మళ్ళీ అదే నన్ను ఓదార్చాలి, మింగేశాను. "ఏం చెయ్యమంటావు?" పలక మీద వేలు మళ్ళీ బయల్దేరింది. టీచర్. చెప్పు. ఆ తర్వాత చెంచా వైపు చూసి, నోరు తెరిచింది.

ఒగాత టీచర్‌కి ఫోన్ చేస్తుంటే షోజి తలపట్టుకున్నాడు. "బెలూన్ ఆటకి ఇంత రాద్ధాంతమా? ఎవరు చూశారని?"

"చిహారు చూసింది."

"దాని మాట ఎవరికర్థమవుతుంది?"

అలా అన్నాక తనకే ఏదో తట్టినట్టు ఆగాడు. బియ్యం డబ్బా వెనక నుంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. చదివి, "మరి చిహారో?" అన్నాడు. నా తుంటి సంగతి తర్వాత అడిగాడు.

మరుసటి ఆదివారం అందరి ముందూ నేనే చెప్పాను, చెయ్యి లేపానని, అబద్ధమాడానని. ఎవరూ తిట్టలేదు. తదోకొరో గారు తల దించుకుని కొడుకు ఒళ్ళోని తువ్వాలు మడతపెడుతూ ఉండిపోయింది. ఆవిడ కొడుకు మాటలు కూడా ఆవిడే చెప్తుంది మరి. చిహారు కుర్చీ వెనక ఒగాత టీచర్ నిలబడింది. నేను కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి పై గ్యాలరీలో కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి నా కూతుర్ని ఎప్పుడూ చూడలేదు. కుర్చీ పట్టీ వదులుగా ఉందా? గొంతు ఎండిందేమో, టీ ఎవరిస్తారు? బెలూన్ వచ్చింది. చెయ్యి లేచింది, సగం దాకా. బెలూన్ ఒళ్ళో పడి, కింద పడింది. పాయింటు పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. ఐదుసార్లు. చిహారు ఏదో అంది. ఒగాత టీచర్ తల పైకెత్తి నా కోసం వెతికింది, నేను స్తంభం చాటుకి జరిగాను. గత్యంతరం లేక ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, "ఏంటీ? మళ్ళీ చెప్పు" అంది. ఆట ఆగిపోయింది. పదకొండుమంది ఎదురు చూశారు. నాలుగోసారికి ఆవిడ మొహం వెలిగింది. "సర్వ్ మెల్లగా వెయ్యమంటోంది!" అని కేకేసింది. చిహారు నవ్వింది. ఒక్కసారి కూడా గ్యాలరీ వైపు చూడలేదు. ఉన్న మాట చెప్తాను, నాకు ఆనందం కలగలేదు. స్నానాల గదిలో కంటే ఎక్కువ భయమేసింది. నేను లేకపోతే దానికేమవుతుందనే ఇన్నేళ్ళూ భయపడ్డాను. అది లేకపోతే నేనేమవుతానో అప్పటిదాకా ఆలోచించలేదు.

సోమవారం, చిహారు లాంటివాళ్ళని కొన్నాళ్ళు ఉంచుకుని చూసే వసతి గృహానికి ఫోన్ చేశాను, నేను ఆసుపత్రిలో ఉండే నాలుగు వారాల కోసం. అవతలి అమ్మాయి మర్యాదగా అడుగుతోంది. తిండి ఎలా, మందులేంటి, నిద్రెప్పుడు. అన్నీ గడగడా చెప్పాను. "కొన్ని రోజులు స్నానం చేయించేది మగవాళ్ళు కావొచ్చు అమ్మగారూ. చిహారు గారు ఏమంటారు, ఫర్వాలేదంటారా?"

జవాబు నా నాలుక చివరే ఉంది. వద్దంటోందని. చాలా గట్టిగా వద్దంటోందని, అసలు రానంటోందని.

కుర్చీలోంచి చిహారు నన్నే చూస్తోంది.

ఫోను స్పీకరు నొక్కి ఆమె చెంప దగ్గర కుర్చీ దిండుకి ఆనించి పెట్టాను. "ఆమె ఇక్కడే ఉంది, ఆమెనే అడగండి" అన్నాను. "అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. అప్పటికీ కాకపోతే ఇంకోసారి."

జంకుతూ, "చిహారు గారూ?" అని పిలిచింది ఆ అమ్మాయి.

చిహారు నోరు తెరిచింది. నేను రెండు చేతులతో నా నోరు మూసుకున్నాను.