కుట్టేసిన గోనెసంచులు

ముసలమ్మ సంచిలోంచి నర్సు బయటికి తీసిన క్యారెట్ మీద తెల్లగా అంటుకుని ఉన్నది బ్లీచింగ్ పౌడర్.

మొదట నమ్మబుద్ధి కాలేదు. వాసన చూసింది. ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా ఆరోగ్యకేంద్రం బల్ల మీద కూర్చున్న ముసలమ్మ పెదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. గుక్కెడు మంచినీళ్లు మింగడానికి గొంతు పట్టుకుంటోంది.

ముసలమ్మ బొంతలు కుట్టి బతుకుతుంది. పేటలో అందరికీ ఆమె బొంతలవ్వ.

"కడిగే తిన్నానమ్మా," అంది ముద్దముద్దగా. "కొంచెం మందు వాసనేసింది. మంచి రకం కూరగాయలు అలాగే ఉంటాయేమో అనుకున్నా."

ఎక్కడివని అడిగితే తల దించుకుంది. తాజా కూరల కొట్టు వెనక సందులో, చెత్తబండి కోసం పెట్టిన గోనెసంచుల్లోంచి తీసిందట. వాటి మూతులు పురికొసతో గట్టిగా కుట్టేసి ఉంటాయి. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ వాటి జోలికి పోలేదు. కుట్టు విప్పడం బొంతలవ్వకి ఒక లెక్కా? నిన్న సాయంత్రం విప్పింది, నాలుగు క్యారెట్లు తీసుకుంది, దొంగతనం అనుకుంటారేమోనని మళ్లీ అదే దారంతో కుట్టేసి మరీ వచ్చింది.

బొంతలవ్వని అంబులెన్సు ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాక నర్సు గడియారం చూసింది. ఎనిమిది. పది గంటలకి దాతలు వస్తారు. కొట్టుని ఇంకో ఏడాది నడపాలా, మూసెయ్యాలా అన్నది ఇవాళే తేలుతుంది.

ఆ కొట్టు నర్సుకి పరాయిది కాదు. నిరుడు ఇదే రోజుల్లో పేటవాళ్లకి కూరగాయలు కావాలంటే రెండు బస్సులు మారాల్సి వచ్చేది. వీధి పొడవునా పదకొండు కొట్లున్నా, అన్నిట్లోనూ అవే వేయించిన ప్యాకెట్లు, అవే రంగునీళ్ల సీసాలు. ఆరోగ్యకేంద్రానికి వచ్చేవాళ్లలో సగం మందికి షుగరు. ఆకుకూరలు తినమని కాగితం మీద రాసివ్వడం, ఎక్కడ దొరుకుతాయని వాళ్లు ఎదురడగడం. విసుగెత్తి రెండేళ్లు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి నలుగురు పెద్దవాళ్లు చేతులు కలిపారు. బట్టల మిల్లు యజమాని స్థలం ఇచ్చాడు. లారీల కంపెనీ ఆయన బండి ఇచ్చాడు. పెద్దాసుపత్రి డాక్టరు శీతల గది కట్టించాడు. ట్రస్టు మేడమ్ తోటలవాళ్లతో మాట్లాడి సరుకు తెప్పించింది. కొట్టు నడపడానికి నమ్మకమైన మనిషి కావాలంటే నర్సు తన అక్క మొగుణ్ణి చూపించింది. అరలన్నీ బావే భుజాల మీద మోసుకొచ్చాడు.

నర్సు కొట్టుకి వెళ్లి క్యారెట్ చూపించగానే బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. తేరుకుని, ఇది ప్యాకెట్ల బాబాయ్ పని అన్నాడు. వీధి మలుపులో ప్యాకెట్లు అమ్ముకునే పెద్దమనిషాయన. ఈ కొట్టు వచ్చాక ఆయన బేరం సగానికి పడిపోయింది, ఆ కడుపుమంటతో రాత్రికి రాత్రి వచ్చి పొడి కలిపి ఉంటాడని బావ వాదన.

"ఇప్పుడు దీన్ని బయటపెట్టావంటే కొట్టు మూతే, మరదలా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వు తిరిగిన తిరుగుడంతా మట్టికొట్టుకుపోతుంది. ఈ ఒక్క పూటా నోరు కట్టుకో. తర్వాత వాడి సంగతి నేను చూస్తా."

నర్సు క్యారెట్‌ని మళ్లీ కాగితంలో పొట్లం కట్టింది. తిన్నగా మలుపులోని కొట్టుకి నడిచింది. ఒంట్లో ఉన్న కోపమంతా ఆ పెద్దాయన మీద దులిపేద్దామనే వెళ్లింది.

ప్యాకెట్ల బాబాయ్ అంతా విని ముక్కు మీది కళ్లజోడు సర్దుకున్నాడు.

"మీ కొట్టు తెరవగానే వరసలో మొదట నిలబడేది ఎవరనుకున్నావు? మా ఆవిడ. దాని కూరలో విషం కలుపుతానా? కలపాలనిపించిన రోజులు లేవని కాదు గానీ, వంట నేనూ తినాలి కదమ్మా."

 ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"బ్లీచింగ్ మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. మీ కొట్టు వెనకనుంచి నా గుమ్మం దాకా వచ్చే ఈ కాలవకి ఏడాదిగా చిటికెడు పొడి చల్లిన పాపాన పోలేదేం? ముక్కు మూసుకుని బేరం చేస్తున్నా."

నర్సు వంగి కాలవలోకి చూసింది. నల్లటి బురద, దోమలు. ఎక్కడా తెలుపన్నది లేదు.

 ప్రతి శనివారం సాయంత్రం ఆరోగ్యకేంద్రానికి ఒక బకెట్టు వస్తుంది. కాలవకి చల్లాలని చెప్పి అందులో పొడి నింపించుకుని వెళ్లే మనిషి ఒక్కడే. నింపేది ఆమె చేతులే. ఇన్ని నెలలుగా ఆ బకెట్టు ఎక్కడికి వెళ్తోందో ఒక్కసారి కూడా అడగలేదు. సొంత బావని ఏం అడుగుతాం?

పదింటికి కొట్టు వెనక గదిలో నాలుగు కుర్చీలు నిండాయి. బావ ఏడాది లెక్కల కాగితం చదివాడు. ఎన్ని కుటుంబాలు కొంటున్నాయి, ఏ కూర ఎక్కువ పోతోంది. మొదటి నెల తర్వాత మిగిలిపోయినది ఉచితంగా పంచినది: లేదు. పాతబడినది అమ్మినది: లేదు. ట్రస్టు మేడమ్ చప్పట్లు కొట్టినంత పని చేసింది. లారీల ఆయన వాచీ చూసుకుంటూనే బాగుందన్నాడు. సంతకాలకి పెన్నులు బయటికొచ్చాయి.

నర్సు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో కాగితం పొట్లం. నోరు విప్పితే రేపటి నుంచి పేటకి ఆకుకూర లేదు, అక్కకి మొగుడు ఇంట్లో ఉండడు. విప్పకపోతే వచ్చే శనివారం ఇంకో బకెట్టు.

ఆమె పొట్లం విప్పి క్యారెట్‌ని వాళ్ల కాగితాల మీద పెట్టింది. బొంతలవ్వ సంగతి మొత్తం చెప్పింది.

గదిలో గొడవ మొదలైంది. కుట్టేసిన సంచి విప్పడం ముసలావిడ తప్పేనని డాక్టరు అన్నాడు. ఆవిడ మందు ఖర్చు ట్రస్టు భరించగలదని మేడమ్ అంది. పేపరుకెక్కుతుందా అన్నది లారీల ఆయన బెంగ. ఎవరి పని అని మిల్లు యజమాని గద్దిస్తే, బావ తల వంచుకుని ప్యాకెట్ల బాబాయ్ పేరు చెప్పాడు. మిల్లు యజమాని వెంటనే పోలీసులకి ఫోను తీశాడు. బొంతలవ్వ గొంతు ఎలా ఉందని ఆ నలుగురిలో ఒక్కరూ అడగలేదు.

నర్సు బావ కళ్లలోకి చూసింది.

"బావా, నేను కాలవ చూసొచ్చాను," అంది. "నీ బకెట్టు పొడి అందులో లేదు. ఆ పెద్దాయన్ని జైలుకి పంపుతావా? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

మిల్లు యజమాని ఫోను చెవి దగ్గరే ఆగిపోయింది. బావ వంచిన తల ఎత్తాడు. 

"ఫోను పెట్టెయ్యండి సార్. ఆయన్ని వదిలెయ్యండి. చల్లింది నేను. ప్రతి శనివారం, షట్టరు దించుకుని, అరల్లో మిగిలింది సంచుల్లోకి ఎత్తి, ఒక వరస కూరలు, ఒక గుప్పెడు పొడి. ఆ తర్వాత మూతి కుట్టేవాణ్ణి.

"మొదటి నెల అలా చెయ్యలేదు. మిగిలింది సాయంత్రం పేటవాళ్లకి పంచాను. ఊరికే ఇస్తే వాళ్ల ఆత్మగౌరవం పోతుందని మేడమ్ అన్నారు. సరేనని ఇంకో రోజు అరలోనే ఉంచాను. రెండు రోజులు దాటిన ఆకు ఒక్కటి కూడా కనిపించకూడదని డాక్టరుగారు అన్నారు. పోనీ బండిలో తిరిగి పంపుతానన్నాను. వెళ్లేటప్పుడు బండి ఖాళీగానే వెళ్లాలన్నారు లారీల సార్. వెనక సందులో పారేస్తే జనం ఏరుకున్నారు. నా స్థలంలోది తిని ఎవరికైనా ఏమన్నా అయితే నా పేరు పోతుంది, ఎవరూ తినడానికి వీల్లేకుండా చూడు అన్నారు మీరే. ఎలాగండీ అని అడిగాను. అది నీ తెలివికి వదిలేస్తున్నాం అన్నారు. మీ నలుగురిలో ఎవరూ బ్లీచింగ్ అనలేదు. ఒక్కొక్కరు చెప్పింది మంచి మాటే. నాలుగు మంచి మాటలూ కలిపి చూస్తే నాకు ఆ బకెట్టు ఒక్కటే కనిపించింది.

"నేను అప్పుడే ఎదురు చెప్పాల్సింది. చెబితే కొట్టు మూస్తారని భయం. కొట్టు మూస్తే నా జీతం పోతుందని ఇంకా భయం. ఆ రెండో భయాన్ని మొదటి దాని వెనక దాచుకున్నాను. మొదటి వారం మొహం తిప్పుకుని చల్లాను. నెల తిరిగేసరికి పాట పాడుకుంటూ చల్లేవాణ్ణి. నిగనిగలాడే క్యారెట్లు సార్, అమ్మితే ఎవరైనా కొనేవాళ్లే.

"ఇంకొకటి కూడా ఉంది. మరదలికి కూడా తెలియదు. బొంతలవ్వ నిన్న సాయంత్రం సూది పట్టుకుని సందులోకి వెళ్లడం నేను చూశాను. ఈ కిటికీలోంచే చూశాను. ఒక్క కేక వేస్తే ఆగేది. వెయ్యలేదు. ఆపితే, ఎందుకు ఆపానో చెప్పాలి కదా."