కాల్లో వెదురు పుల్ల

పుత్తూరు దగ్గర కట్టు కట్టే ఎల్లప్ప అరుగు మీద తెల్లారేసరికే పని మొదలవుతుంది. కోడిగుడ్లు, ఆకు పసరు, వెదురు బద్దలు. విరిగిన ఎముక పక్కన గడ్డిపరకంత వెదురు పుల్ల దించి, పైన కట్టు వేస్తాడు. ఎముక అతికేకొద్దీ పుల్ల లోపలే కరిగిపోతుంది. అతకనంతకాలం, బరువు పడితే మూలుగుతుంది. ఎవరి కాలు ఎంతవరకు వచ్చిందో పక్కింటివాళ్లకు కూడా తెలిసిపోతుంది.

బస్సు డ్రైవర్ మునిశేఖర్‌కు విరిగింది ఎడమ కాలు, క్లచ్ తొక్కే కాలు. ఏడు వారాలైనా పుల్ల మూలుగుతూనే ఉంది. సోమవారం డాక్టర్ పరీక్షలో నెగ్గకపోతే స్టీరింగు పోయి, డిపోలో బస్సులు కడిగే పని. పద్దెనిమిదేళ్లు బస్సు నడిపినవాడికి ఆ మాట తలుచుకుంటేనే అన్నం సయించలేదు.

"ఇంకో మూడు వారాలు ఓర్సుకోప్పా," అన్నాడు ఎల్లప్ప. "అది అబద్ధం సెప్పదు."

చెప్పదు గానీ, దాని నోరు మూయించొచ్చు. నొప్పితో అల్లాడేవాళ్లు కాసేపు కునుకు తీయాలని ఎల్లప్పే తడిగుడ్డ చుడతాడు. తడి ఉన్నంతసేపు పుల్ల పలకదు. మునిశేఖర్ ప్యాంటు కింద తడిగుడ్డ చుట్టుకుని పరీక్షకు వెళ్లాడు. పళ్లు బిగబట్టి నడిచాడు. డాక్టర్ మోకాలి దగ్గర చెవి పెట్టి విని, సంతకం పెట్టేశాడు.

మర్నాడు పలమనేరు నుంచి చిత్తూరుకు నలభై మందితో బస్సు బయల్దేరింది.

"పుల్ల కరిగిపోయినాదా?" అన్నాడు కండక్టర్ జయరావు.

"ఎప్పుడో," అన్నాడు మునిశేఖర్, అద్దంలోకి చూస్తూ.

ఇంత తెలివి చూపినవాడు ఎడమ కాలి పక్కనే ఇంజను ఉంటుందని మరిచిపోయాడు. మొగిలి ఘాట్ చేరేలోపే ఆ వేడికి గుడ్డ ఆరిపోయింది. క్లచ్ తొక్కితే పుల్ల మూలిగింది. మళ్లీ తొక్కితే కేక పెట్టింది. వెనక మాటలు ఆగిపోయాయి. ఆపితే రేపటినుంచి చీపురు, బకెట్టు. ఆపకపోతే ముందున్నదంతా దిగుడు, మలుపు మలుపుకీ గేరు మార్చాలి.

ముందు సీట్లో మనవరాలిని ఒళ్లో పెట్టుకున్న చంద్రకాంతమ్మ మెల్లగా అంది: "నాయనా, కాలు పిలస్తా ఉండాది."

బస్సు పక్కకు తీశాడు. న్యూట్రల్ చేయడానికి ఇంకొక్కసారి క్లచ్ తొక్కాడు. లోపల ఎముక టప్‌మంది. పుల్ల కేక కొండకు తగిలి తిరిగొచ్చింది. తొలి మలుపు పది గజాల దూరంలో ఉంది.

జనం మెల్లగా దిగారు. ఒక్కరూ తిట్టలేదు. మునిశేఖర్‌కు అందుకే ఏడుపొచ్చింది.

జయరావు నీళ్ల సీసా పట్టుకొచ్చి, ప్యాంటు పైకెత్తి గుడ్డ చూశాడు.

"తడిపేదా? డిపోలో ఎవురికీ తెలీదు."

"వద్దప్పా," అన్నాడు మునిశేఖర్. "అరవనీ."

గుడ్డ విప్పి కిటికీలోంచి పారేశాడు.