గెడ్డమ్మ తల్లి కాదు, దేముడమ్మ రోలు

ఇలా రా తల్లీ, దగ్గరగా వచ్చి కూర్చో. ఆ కానుగ వేరు మీద కూర్చో, నీడగా ఉంటుంది. నా మీద మాత్రం కూర్చోకు. రోలు మీద కూర్చోకూడదని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా? చెప్పే ఉంటారు, నువ్వే మరిచిపోయి ఉంటావు. చెవి కాస్త ఇటు పెట్టు. రాయి గొంతు కదా, పెద్దగా పలకదు. ఓపిక కూడా అంతంతమాత్రమే.

నేను ఒక రుబ్బురోలిని. ఇప్పుడు నాలో నీళ్ళు, నీళ్ళలో రెండు కానుగ ఆకులు కనిపిస్తున్నాయి గానీ, ఒకప్పుడు ఈ గుంటలో ఎంత మినప్పప్పు నురగ కట్టిందో నీకేం తెలుసు! రోడ్డు పక్కన ఎండలో కూర్చుని ఉలితో నన్ను తొలిచినవాడు నా బోలుతనానికి మురిసిపోయాడు. మనుషుల్లో మాత్రం అది తప్పంటారు. మా కులంలో బోలుగా ఉంటేనే పని.

విశాఖపట్నంలో ఈ గెడ్డ ఒడ్డునే దేముడమ్మ వాళ్ళ ఇల్లు. గెడ్డంటే తెలుసుగా, కొండ మీద కురిసిన వాన ఊరి నడుమ నుంచి సముద్రంలోకి పోయే లోతు దారి. దేముడమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడే నేనూ ఆ ఇంటికి వచ్చాను. ఇద్దరినీ ఒకే పెరట్లో దించి, ఇద్దరికీ ఒకే రోజు పసుపు రాశారు. ఆ తర్వాత ఇద్దరికీ విశ్రాంతి లేదు. నా అంచు మీద ఈ పెచ్చు ఊడిన చోటు చూశావా? తొలి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు ఆమె పిండి రుబ్బుతోంది. చేతిలో పొత్రం జారి నన్ను కొట్టింది. కొడుకు పుట్టాడు, నాకు పెచ్చు ఊడింది. వాడికి బారసాల చేశారు, నాకు ఏమీ చేయలేదు.

ఆ కొడుకుకి పెళ్ళయి హైమ వచ్చింది. హైమ వెనకే కరెంటు గ్రైండరు వచ్చింది. పెరట్లో గది వేస్తామని నన్ను నలుగురు దొర్లించి గెడ్డలోకి వదిలేశారు. పొత్రాన్ని మాత్రం ఉంచుకున్నారు. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తుందట. అంతకాలం నాలో తిరిగినవాడు తలుపు కావలి కాస్తున్నాడు, నేను బురదలో పడి ఉన్నాను. ఏడవలేదు. రాయికి ఏడుపు వస్తే ఆగుతుందా?

వానాకాలంలో గెడ్డ పొంగేది. ఊరు వద్దనుకున్నవన్నీ నా మీదుగా సముద్రానికి పోయేవి, నేను మాత్రం పోయేదాన్ని కాదు, బరువు కదా. ఆఖరికి ఎవరికో బుద్ధి పుట్టి గెడ్డని బాగుచేశారు. గట్లకి మెట్లు కట్టారు, నడిచే దారి వేశారు, పార్కు అన్నారు. బురదలో నేను దొరికితే అందంగా ఉందని ఈ దారి పక్కన నిలబెట్టారు. అందమట! ఇంటెడు మందికి ఇడ్లీ పెట్టినన్నాళ్ళూ ఆ మాట ఎవరూ అనలేదు.

అప్పటి నుంచి నా గుంటలో వాన నీరు నిలిచింది, నీటి కోసం చుట్టాలు వచ్చారు. తొలకరికి ముందు పొన్నంగి పిట్ట దిగుతుంది, ఆకుపచ్చ వీపు, పొట్ట కింద ఎరుపు, అచ్చం పట్టు రవికె తొడిగినట్టు. మొదటి చినుకు పడగానే గడ్డిలో ఆరుద్ర పురుగులు పాకుతాయి. వానలు వెనకబట్టాక తూనీగలు, చలికాలంలో తోకాడించే జిట్టంగి పిట్ట. ఉడుము వస్తే మిగిలినవాళ్ళంతా పక్కకి తప్పుకుంటారు. ఇవేవీ నన్ను అందంగా ఉన్నానని అనవు. తాగి పోతాయి. నాకు అదే బాగుంది.

ఒక ఎండాకాలం పొద్దున్నే దేముడమ్మ వచ్చింది. చక్కెర వ్యాధి, నడవమన్నాడట డాక్టరు. పెచ్చు ఊడిన అంచు మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఓలమ్మ, నువ్వా! బతికే ఉన్నావేటే?"

నా గుంట ఎండిపోయి ఉంది. గెడ్డ కూడా ఎండిపోయింది. ఈ కానుగ వెనక బొరియలో ఒక ముంగిస పిల్లల్ని పెట్టింది, మూడు పిల్లలు. గేటు దగ్గర కుళాయి ఉంది గానీ దాన్ని తిప్పే చేతులు ముంగిసకి లేవు. దేముడమ్మ సీసాలో నీళ్ళు నాలో పోసి పక్కకి జరిగితే, తల్లి ముంగిస వచ్చి ఆమె వంక ఒక చూపు, నీళ్ళ వంక ఒక చూపు చూసి తాగింది. ఇక రోజూ అదే పని. డాక్టరు నడవమన్నది ఆమె ఆరోగ్యానికి, ఆమె నడిచింది ముంగిస దాహానికి.

అంతా బాగుండేది, ఒక శుక్రవారం రాకపోయి ఉంటే. ఇంట్లో ఉన్నప్పుడు శుక్రవారం నాకు పసుపు రాసి బొట్టు పెట్టడం ఆమె అలవాటు. ఆ చేతికి అలవాటు పోలేదు. ఇంటి నుంచి చిటికెడు తెచ్చి నా అంచుకి రాసి పోయింది, అంతే.

మర్నాటికి ఎవరో పువ్వు పెట్టారు. ఆ మర్నాడు గాజులు. నడకకి వచ్చే రవణమ్మ ఎర్ర గుడ్డ చుట్టింది. రిటైరయిన కనకరాజు గారు నా చుట్టూ తాడు కట్టించి, నాకు గెడ్డమ్మ తల్లి అని పేరు పెట్టేశారు. గుంట నిండా పాలు, పసుపు, కర్పూరం బూడిద. పాలు ఎండకి విరిగాయి, చీమలు పట్టాయి. అమ్మా, మనుషులు ఒకసారి పారేస్తారు, ఒకసారి మొక్కుతారు. మధ్యలో ఉన్నదేమిటని ఒకసారి చూస్తే ఎంత బాగుండును!

ముంగిస వచ్చి వాసన చూసి వెనక్కి పోయింది. రెండో రోజూ అంతే. పొన్నంగి పిట్ట తాడు మీద వాలి నాలోకి చూసి ఎగిరిపోయింది. గుంట నిండుగా ఉండీ చుక్క దాహం తీర్చలేకపోవడం నాకు బురదలో కూడా తెలియని బాధ.

దేముడమ్మ తాడు దాటబోతే కనకరాజు గారు అడ్డుపడ్డారు.

"చెప్పులతో రాకూడదమ్మా. తల్లి వెలిసిన చోటు."

"ఏ తల్లి బావూ? ఇది మాయింటి రోలు. ఇందల నాను పప్పు రుబ్బినాను!"

"తప్పు తప్పు," అని రవణమ్మ చెంపలు వేసుకుంది. "కళ్ళు పోతాయే ముసలీ, అలా అనకు."

"నా కళ్ళకేటి, శుక్లాలు ఎప్పుడో వచ్చినాయి. ఆ ముంగిస గుంటలు, పసికూనలు, నీళ్ళు లేక సచ్చిపోతన్నాయి, సూడండర్రా!"

ఎవరూ చూడలేదు. అందరూ కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారు.

దేముడమ్మ ఇంటికి పోయింది. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు దేముడమ్మ దిగింది, చేతిలో నానబెట్టిన పప్పు గిన్నె. వెనక హైమ, రొప్పుకుంటూ, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని, ఎవరిని తెచ్చిందనుకున్నావు? నా పొత్రాన్ని!

"నా నడుం పోయింది అత్తయ్యా. ఇంట్లో గ్రైండరు పెట్టుకుని ఏమిటీ పని?"

"దీన్ని గెడ్డలోకి తోయించినప్పుడు నీ నడుం బాగానే ఉంది కదేటే. మొయ్యి!"

దేముడమ్మ తాడు విప్పేసింది. ఎర్ర గుడ్డ మడిచి పక్కన పెట్టింది. కుళాయి నీళ్ళు తెచ్చి నన్ను కడిగింది, విరిగిన పాలు, పసుపు, చీమలు, అన్నీ. పొత్రాన్ని నాలో దించి, నేల మీద చతికిలబడి, పప్పు పోసి తిప్పడం మొదలుపెట్టింది.

ఆ చప్పుడు విని ఎంతకాలమైంది! నా ఒళ్ళంతా గరగరలాడింది. కనకరాజు గారు చేతులు పైకెత్తి, "అపచారం! అమ్మవారి మీద పప్పు రుబ్బుతావా!" అని కేకలు పెట్టారు. నడిచేవాళ్ళందరూ మూగారు. దేముడమ్మ తల ఎత్తలేదు. ఒక చెయ్యి తిప్పుతోంది, ఒక చెయ్యి పిండిని లోపలికి తోస్తోంది.

రవణమ్మ కాసేపు చెంపలు వేసుకుంది. కాసేపు ఊరికే చూసింది. ఆ తర్వాత ఆపుకోలేకపోయింది.

"ఏటా రుబ్బడం? పిండి బిగిసిపోతంది. కాసిన్ని నీళ్ళు జల్లు!"

"గారెలకి నీళ్ళు జల్లుతారేటే? నూనె తాగెయ్యదా?"

"చేతి తడి చాల్దంటన్నాను. జరుగు, జరుగు!" అని రవణమ్మ కొంగు దోపుకుని ఎదురుగా కూర్చుంది. తల్లి సంగతి ఆవిడకి గుర్తే లేదు. ఇంకొకావిడ ఉప్పు ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. కనకరాజు గారి చేతులు వాటంతటవే కిందికి దిగాయి.

పిండి తీసి గిన్నెలో పెట్టాక దేముడమ్మ నన్ను మళ్ళీ కడిగి అంచు దాకా నీళ్ళు నింపింది. అందర్నీ అవతలికి జరగమంది. ఎండ ఎక్కుతుండగా కానుగ వెనక నుంచి ముంగిస వచ్చింది. వెనక పిల్లలు. రెండే. మూడోది వస్తుందేమోనని దేముడమ్మ చాలాసేపు చూసింది. రాలేదు.

రవణమ్మ ముక్కు చీదింది. "మనం పాలు పోసినాం కదే," అంది మెల్లగా.

మర్నాడు దేముడమ్మ అందరికీ గారెలు తెచ్చింది. కనకరాజు గారు కళ్ళకద్దుకుని తిన్నారు. అమ్మవారు కాదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు పాపం. అందుకని తల్లికి మంచినీళ్ళ అభిషేకమంటేనే ఇష్టమని అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. పొద్దున ఆయన ఒక చెంబు, రవణమ్మ ఒక చెంబు పోస్తారు. పొయ్యనీ. ముంగిసకి శాస్త్రం అక్కర్లేదు.

ఇప్పుడు దేముడమ్మ కాళ్ళు మెట్లు దిగనివ్వడం లేదు. హైమ వస్తుంది, సీసాతో. విసుక్కుంటూనే పోస్తుంది, పోసి నా పెచ్చు ఊడిన చోట చెయ్యి వేసి పోతుంది. ఇదిగో, పొత్రం ఇక్కడే నా పక్కన పడి ఉన్నాడు. పిట్టలు వాడి మీద వాలి నాలో తాగుతాయి. నాకు అలుపొచ్చింది తల్లీ. రుబ్బి అలిసాను, పడి ఉండి అలిసాను, దేవతనై మరీ అలిసాను. నీళ్ళు పట్టుకుని కూర్చోవడం ఒక్కటే తేలిగ్గా ఉంది.

నువ్వు లేస్తున్నావు గనుక ఒక్క మాట. ఇంటికి పోయి ఈ కథ ఎవరికైనా చెప్పు. దేముడమ్మ పేరు మరిచిపోకుండా చెప్పు, ఆ రాని మూడో పిల్ల గురించి కూడా చెప్పు. చెప్పడం అయ్యాక విన్నవాళ్ళని ఊరికే ఉండనివ్వకు, లేచి వాకిట్లో ఒక గిన్నెడు నీళ్ళు పెట్టించు. పసుపు వద్దు. నీళ్ళు చాలు.