అడగకుండా తెచ్చిన పంపు

శనివారం మధ్యాహ్నం విలికేసా బస్సు దిగి, గోనెసంచి ఒకటి భుజాన వేసుకుని నా గ్యారేజీకి వచ్చాడు. సంచిలో బ్రేకు పంపు ఉంది. హైబ్రిడ్ కారులో మనం తొక్కే పెడల్ కబురు చెబుతుందంతే, బండిని ఆపే ఒత్తిడి ఆ పంపుదే. అతని కారు అది పాడై గురువారం నుంచి నా దగ్గరే ఉంది.

"ఎక్కడిది?" అన్నాను.

"మొసేసే పెరట్లో పడున్న కారుది. అదీ ఇదీ ఒకటే మోడలు."

"అడిగావా?"

"తౌవును అడగడమేంటి మణీ? మతి పోయిందా?"

వాళ్ళ వరస తెలియక అడిగిన మాట కాదది. వీళ్ళ ద్వీపానికీ మొసేసే వాళ్ళ ద్వీపానికీ తాతల నాటి తౌవు వరస. ఒకరినొకరు నోటికొచ్చినట్టు తిట్టుకోవచ్చు, ఒకరి వస్తువు ఇంకొకరు చెప్పకుండా పట్టుకుపోవచ్చు. పోగొట్టుకున్నవాడు నవ్వాలే తప్ప మొహం మాడ్చుకోకూడదు. పోయినేడాది మొసేసే ఇతని కోడిపుంజును, అది ఉడుకుతున్న కుండతో సహా ఎత్తుకుపోయాడు. మా ముత్తాత చెరుకు కొట్టడానికి ఓడెక్కి వచ్చిన నాటి నుంచీ ఈ లౌతోకా ఊళ్ళోనే ఉన్నాం గానీ మాకా భాగ్యం లేదు. మేం అన్నీ అడుగుతాం, అడిగి లేదనిపించుకుంటాం.

సోమవారం పిల్లల బడులు తెరుస్తారు. విలికేసా కొండ మీది ఆరుగురు పిల్లల్ని కిందికి దించాలి. అందులో ఇద్దరు అతని మనవరాళ్ళు. మూడు కిలోమీటర్లూ దిగుడే. కొత్త పంపు కొనాలంటే ముందు కారు అమ్ముకోవాలి.

మొసేసే కారు ఎందుకు మూలపడిందని నేను ఆరా తీయలేదు. పంది అడ్డొచ్చి కాలవలో పడిందని అందరికీ తెలిసిందే కదా.

పాతది ఊడదీసి, ఇది బిగించి, కంప్యూటరు తగిలించి గొట్టాల్లో గాలి తీసేసరికి నాలుగైంది. స్టీరింగు ముందు వెలుగుతున్న బ్రేకు ఎర్ర లైటు ఆరింది. విలికేసా చప్పట్లు కొట్టాడు. నేను కారు ఆన్ చేసి, పెడల్ మీద కాలు పెట్టకుండా కూర్చున్నాను. మంచి పంపు ఒకసారి మూలిగి చాలాసేపు ఊరుకుంటుంది. ఇది అరనిమిషానికోసారి మూలుగుతోంది. ఒత్తిడి నిలవడం లేదన్నమాట.

"ఇదీ పోయిందే," అన్నాను.

"లైటు ఆరిందిగా."

"లైటుకేం తెలుసు? ఇవాళ ఆరుతుంది, రేపు వెలుగుతుంది."

"పాతది పది సెకండ్లకోసారి మూలిగేది. దానికంటే నయమేగా? పిల్లలకి వేరే బండి లేదు మణీ. మెల్లగా దిగుతా."

నాకు చిరాకూ వేసింది, జాలీ వేసింది. చివరికి జాలిదే పైచేయి అయింది. కారు ఆపకుండానే జేబులోంచి దాని తాళం తీసి ఇవ్వబోయాను.

అప్పుడే మొసేసే గేటు తోసుకుని వచ్చాడు. "ఏరా దొంగపీనుగా, నా కారు గుండె కోసుకుపోయావంట?"

"నీకే లేదు, నీ కారుకెక్కడిదిరా గుండె?"

ముగ్గురం నవ్వాం. "ఇంతకీ ఏం పీకావురా?" అన్నాడు మొసేసే.

"బ్రేకు పంపు."

మొసేసే నవ్వు ఆగిపోయింది. తెరిచి ఉన్న డోరు దగ్గర నిలబడి విన్నాడు. పంపు మూలిగింది. కాసేపటికి మళ్ళీ మూలిగింది.

"పందీ లేదు ఏమీ లేదురా," అన్నాడు మెల్లగా. "లైటు నెల రోజులు వెలిగింది. చూపించమని అసెనాకా రోజూ పోరేది. మలుపు దగ్గర ఎంత తొక్కినా బండి ఆగలేదు."

అసెనాకా అతని భార్య. ఆ రోజు తనూ ఆ కారులోనే ఉంది, అప్పటి నుంచి కర్ర పట్టుకుని నడుస్తోంది. లేని ఆ పందిని మేమంతా ఎన్ని తిట్లు తిట్టామో.

"అడిగుంటే చెప్పేవాడివి," అన్నాడు విలికేసా.

"చెప్పేవాడినో లేదో," అన్నాడు మొసేసే.

విలికేసా తల దించుకున్నాడు. అయినా చెయ్యి నా వైపే చాపాడు. "సోమవారం ఒక్కరోజు ఇవ్వు మణీ. తర్వాత చూద్దాం."

మొసేసే నా చేతిలోంచి తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు. "నా తౌవుది. నేను తీసుకున్నా. కోపమొస్తే చెప్పు."

విలికేసాకు కోపం తెచ్చుకునే హక్కు లేదు. "మరి పిల్లలో?" అన్నాడు చివరికి.

"ఐదింటికే లేపు. నేను నడిపించి దింపుతా. అసెనాకా కర్రతో దిగుతోంది, వాళ్ళకేం?"

ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళుగా కార్ల మూలుగు వింటున్నవాణ్ణి. ఆ పంపు చెడిందని ముందు తెలిసింది నాకే. తాళం ఇవ్వబోయిందీ నేనే.